జాడ మీద ఇంతమంది

బాణం విల్లు వదిలిన మరుక్షణమే సువాకు తెలిసిపోయింది, అది తగలవలసిన చోట తగలదని.

జింక ఒక్క అడుగు ముందుకు వేసింది. అంతే. భుజం వెనక, ఊపిరితిత్తుల్లో దిగవలసిన బాణం ఇంకా వెనక్కి, పొట్టలోకి దూసుకుపోయి అవతలి పక్క ఆకుల్లో పడింది. గట్టి చప్పుడు రాలేదు. నీళ్ళు నిండిన తోలుసంచి మీద గుద్దినట్టు మెత్తగా ఒక చప్పుడు వచ్చింది.

జింక పరుగెత్తలేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది. వీపు పైకి వంచి, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని, నొప్పితో ఉన్న మనిషిలా నడిచింది. ఒరిగిన బిర్చి చెట్టు దాటింది. ఎడమకు తిరిగింది. ఎండిన గడ్డిలో కొమ్ములు కాసేపు కదిలి మాయమయ్యాయి.

చెట్టు మీద కట్టుకున్న మంచె నుంచి సువా కదల్లేదు. విల్లు కొక్కేనికి తగిలించి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూచుంది. ఒళ్ళంతా దిగమంటోంది. కిందటేడు అలాగే దిగింది. ఊపిరి బిగబట్టి వెంటపడింది. పడుకున్న జింక లేచింది, పోయింది, మళ్ళీ కనిపించలేదు. వారం రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఎక్కడో ఒక పొదలో అది ఇంకా లేస్తూనే ఉన్నట్టు అనిపించేది.

వెలుగు సన్నబడ్డాక దిగింది. బాణం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లటి వాసన. ఈకల మీద ఎర్రటి రక్తం కాదు, పచ్చగా, గోధుమ రంగుగా బంక. పొట్టే. అనుమానం లేదు.

పొట్టలో దెబ్బ తిన్న జింక దగ్గర్లోనే పడుకుంటుంది. కదిలించకపోతే అక్కడే ఉంటుంది. కదిలిస్తే కౌంటీ దాటిపోతుంది. తెల్లారేదాకా ఆగాలి. అంతకంటే కష్టమైన పని వేటలో లేదు.

బాణం పడ్డచోట కొమ్మకు టిష్యూ కాగితం కట్టి, జింక వెళ్ళిన వైపు చూడకుండా, చుట్టు దారిన రోడ్డెక్కింది.

*

శుక్రవారం రాత్రి భోజనాలు ఎప్పుడూ బావగారింట్లోనే. సువా భర్త ఫెంగ్‌కు అన్న అయిన తోంగ్‌పావ్, లావోస్ కొండల నుంచి వలసొచ్చి వాసా పట్టణంలో స్థిరపడిన హ్మోంగ్ కుటుంబాల్లో వేటకు పెద్ద. ఆ కొండల్లో చిన్నప్పుడు అడ్డవిల్లు పట్టినవాడు. ఇక్కడికొచ్చాక తుపాకీ పట్టాడు. మరదలు ఆధునికమైన విల్లు కొనుక్కుని మంచె ఎక్కుతానన్నప్పుడు ఆయన అవుననలేదు, కాదనలేదు. మిరపకాయ పచ్చడి అన్నంలో కలుపుకుంటూ ఉండిపోయాడు.

"జింక ఏదమ్మా?" అన్నాడు ఆమె గుమ్మంలోకి రాగానే.

"తగిలింది బావగారూ. పొట్టలో."

"మరి వదిలేసి వచ్చావేం?"

"పొద్దున వెళ్తాం. ఇప్పుడు కదిలిస్తే పోతుంది."

"మేం ఏనాడూ తెల్లారేదాకా ఆగలేదు. తగిలిందా, వెంటపడ్డామా, పట్టామా."

"అది తుపాకీ దెబ్బ అన్నయ్యా," అన్నాడు ఫెంగ్, బల్ల అవతల నుంచి. "బాణం వేరు."

తోంగ్‌పావ్ బావమరిది నావోకు మాటల్లో దూరకపోతే తిన్నది అరగదు. "ఆగితే తోడేళ్ళు తింటాయి. ఆగకపోతే జింక పోతుంది. ఎలా చూసినా మనకి మిగిలేది పచ్చడే. అక్కా, ఇంకాస్త వెయ్యి."

అందరూ నవ్వారు. సువా నవ్వలేదు. పళ్ళెం ముందు కూచుని, ఎవరితోనూ కాకుండా అంది: "ఇది కూడా పోతే మళ్ళీ విల్లు ముట్టుకోను."

నవ్వు ఆగింది. తోంగ్‌పావ్ తలెత్తాడు.

"మాట అన్నావు. నేను విన్నాను," అన్నాడు.

కోపంతో అనలేదు. ఆయన ఇంట్లో అన్న మాటకు బరువుంటుంది, అంతే. ఫెంగ్ భార్య వైపు చూశాడు. ఆమె జిగురన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

*

తెల్లవారుజామున నేలంతా మంచు పట్టి కరకరలాడుతోంది. మంచిదే, మాంసం పాడవదు. ఫెంగ్ ట్రక్కు అడవి మలుపు తిప్పాడు. తిప్పి బ్రేకు వేశాడు.

రోడ్డు పక్కన వరుసగా వ్యాన్లు. ఒకటి వెనక ఒకటి. బావగారిది. నావోది. పినమామగారి కొడుకులవి. మిల్వాకీ నుంచి రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చిన మేనల్లుళ్ళది. ఒక వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. అందులో అన్నం బుట్టలు, ఫ్లాస్కులు, ఒక రోలు కూడా.

అడవిలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"వద్దు," అంది సువా, ట్రక్కులోంచి దూకుతూ. "వద్దు, వద్దు, వద్దు."

నావో చెట్ల మధ్య నుంచి చెయ్యూపాడు. "వచ్చారా! మీ కోసం ఆగుదామన్నాను. బావ ఆగుతాడా? టిష్యూ దగ్గర్నించి మొదలెట్టేశాం. రక్తం దొరికింది. ఇంతమందిమి ఉన్నాం, గంటలో పని!"

వాళ్ళ ముఖాలు చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. నిద్ర మాని వచ్చారు. ఎవరి జింక అయినా అది అందరి జింకే. ఒకరికి దెబ్బ తగిలిందంటే ఇంకొకరు ఇంట్లో కూచోరు. ఆస్పత్రికైనా అంతే, అడవికైనా అంతే.

తోంగ్‌పావ్ ముందు నడుస్తున్నాడు. పెద్దవాడు జాడ మీద ఉన్నప్పుడు ఆయన్ని దాటి ఎవరూ అడుగు వెయ్యరు. మిగతావాళ్ళు ఆయన వెనక, కాస్త అటూ ఇటూ విడివడి వస్తున్నారు. సువా పరుగున వెళ్ళి ఆ వరుసలో కలిసింది. అంతకంటే ముందుకు పోలేదు.

బిర్చి చెట్టు దాటాక, గడ్డిలో తోంగ్‌పావ్ ఆగాడు. "ఇదిగో. పడుకుంది ఇక్కడే."

గడ్డి గుండ్రంగా అణిగి ఉంది. మధ్యలో నల్లబడిన రక్తం, పచ్చటి బంక. అక్కడ మాత్రం మంచు పట్టలేదు. సువాకు అర్థమైంది. మంచు పట్టలేదంటే రాత్రంతా ఇక్కడే ఉంది. ఇప్పుడిప్పుడే లేచింది. వీళ్ళ మాటలు విని లేచింది.

తోంగ్‌పావ్ ఆ గుండ్రం మధ్యకు నడిచి గొంతుకు కూచున్నాడు. వేలితో తాకి, మంచులో తుడుచుకుని లేచాడు. నాలుగు దిక్కులూ చూశాడు.

"దెబ్బ తిన్న జంతువుకి దాహం. నీళ్ళకి దిగుతుంది. వాగు ఇటు."

పల్లం వైపు అడుగు వేశాడు. వెనకే అందరూ.

కాసేపటికి నావో కేక వేశాడు. "రక్తం! ఇదిగో ఆకు మీద!"

ఇంకొంచెం దూరం పోయాక ఒక మేనల్లుడు. "ఇక్కడా ఉంది!"

ముందు నడుస్తున్న తోంగ్‌పావ్ వీపు నిటారయింది. వెనక్కి తిరిగి చూడవలసిన పని లేదు ఆయనకు. తన దారి సరైనదే.

సువా వంగి చూసింది. ఓక్ ఆకు మీద గోధుమ రంగు మరక. బొట్టు కాదు, చెరిగిన మరక. చుట్టూ తొడ ఎత్తున నిలిచిన గడ్డి కాడలు చూసింది. జింక ఒరుసుకుంటూ పోతే ఆ కాడలకు అంటాలి. ఒక్కదానికీ లేదు. నోరు తెరిచింది. ఇరవై అడుగుల అవతల బావగారి వీపు కనిపిస్తోంది. నోరు మూసింది.

వాగు దగ్గర మరకలు ఆగిపోయాయి. రెండు ఒడ్లూ గాలించారు. పొదలు దులిపారు. మేనల్లుళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దిగి వణుకుతూ పైకొచ్చారు. మధ్యాహ్నానికి అడవిలో వాళ్ళు తొక్కని ఆకు లేదు.

*

వ్యాన్ల దగ్గర భోజనాలు పెట్టారు. జిగురన్నం, వేయించిన పంది మాంసం, రోట్లో అప్పటికప్పుడు దంచిన పచ్చిమిరపకాయలు. ఆకలి మీద అందరూ బాగా తిన్నారు.

తోంగ్‌పావ్ టీ తాగి, మూత బిగించి, తీర్పు చెప్పాడు.

"వాగు దాటి పోయింది. అంత దూరం పోయిందంటే దెబ్బ పెద్దది కాదు. బతుకుతుంది. ఒకందుకు మంచిదేలే అమ్మా."

"బతకదు బావగారూ."

"నువ్వు దాని వెంట వెళ్ళావా?"

ఆయన గొంతు తగ్గించాడు. నిజంగానే జాలిపడ్డాడు. "అందరికీ పడదు ఈ పని. మా పెద్దాడు సరదా పడుతున్నాడు. ఆ విల్లు వాడికిద్దువుగాని."

ఫెంగ్ ఏదో అనబోయాడు. సువా తల అడ్డంగా ఊపింది. ట్రక్కు అవతలికి వెళ్ళి, విల్లుల కొట్టు గోడ మీద చూసి ఎప్పుడో ఫోనులో దాచుకున్న నంబరు నొక్కింది. పెద్దాయన ముగించిన వెతుకులాటకు బయటి మనిషిని పిలవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. అయినా నొక్కింది.

"డార్లా," అంది అవతలి గొంతు. రక్తపు జాడ పట్టే కుక్కను పెంచే మనిషి. దెబ్బ తిన్న జింకల్ని వెతికిపెట్టడం ఆమెకు వ్యసనం. డబ్బు తీసుకోదు. "ఎక్కడ తగిలింది? ఎప్పుడు?"

సువా చెప్పింది.

"రాత్రి ఆగావా? శభాష్. పొద్దున ఎంతమంది తిరిగారు దాని మీద?"

సువా వ్యాన్ల వైపు చూసింది. "మావాళ్ళంతా."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతానే, డార్లా గారూ."

ఫోనులో పెద్ద నిట్టూర్పు. "ఇంకెవర్నీ కదలనివ్వకు. వస్తున్నా."

*

డార్లా పొడుగ్గా, ఎండిన చెరుకు గడలా ఉంది. కుక్క పేరు బటన్. చిన్న గడ్డం, జానెడు కాళ్ళు, నేలను రాసుకునే పొట్ట. పట్టీ వేసి పొడుగాటి తాడు కట్టి దింపితే, మేనల్లుళ్ళు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఇది జింకను వెతుకుతుందా, జింక దీన్ని వెతకాలా?" అన్నాడు నావో తమ భాషలో.

"ఏమంటున్నాడు?" అంది డార్లా.

"కుక్క బాగుందంటున్నాడు," అంది సువా.

తోంగ్‌పావ్ తన వ్యాను మెట్టు మీద కూచుని ఉన్నాడు. చేతులు కట్టుకుని, అడవి వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు.

బటన్‌ను బాణం పడ్డ చోటికి తీసుకెళ్ళారు. ముక్కు నేలకు ఆనించి కదిలింది. బిర్చి చెట్టు. గడ్డి. పడక. అక్కడ గుండ్రంగా తిరిగి పల్లం వైపు పట్టింది. సువా తాడు వెనకే నడిచింది. వాగు దాకా పోయింది కుక్క. వాగు దగ్గర తిరిగింది. ఇంకో దారిన పైకి ఎక్కింది. చెట్లు దాటి, రోడ్డెక్కి, వ్యాన్ల వరుస వెంట నడిచి, తోంగ్‌పావ్ కాళ్ళ దగ్గర ఆగింది. కుడి బూటు మీద ముక్కు పెట్టి, తోక ఆడించి, పని పూర్తయిందన్నట్టు డార్లా వైపు చూసి మొరిగింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"బావా, కదలకు!" అని అరిచాడు నావో. "పట్టేసింది! డార్లా గారూ, దీనికి కొమ్ముల్లేవు, వదిలెయ్యండి!"

నవ్వులు రోడ్డంతా దొర్లాయి. మేనల్లుళ్ళు వ్యాన్ల మీద వాలిపోయారు. తోంగ్‌పావ్ భార్య కొంగు లేదు గానీ స్కార్ఫు నోట్లో కుక్కుకుంది.

తోంగ్‌పావ్ నవ్వలేదు. మెల్లగా కాలు మడిచి బూటు అడుగు చూసుకున్నాడు. గాడి గాడిలో పచ్చటి, గోధుమ రంగు బంక ఎండి ఉంది. జింక పడుకున్న చోట గొంతుకు కూచున్నప్పుడు అంటినది. అక్కడి నుంచి వాగు దాకా, అడుగు అడుగుకూ, ఆకు ఆకుకూ తానే పూసుకుంటూ పోయాడు. వెనకవాళ్ళు అది చూసి రక్తం రక్తమని కేకలు వేశారు. ఆ కేకలు విని తాను ఇంకా నమ్మాడు. పొద్దుట్నుంచీ ఇంతమంది కలిసి వెతికింది ఆయన బూట్లనే.

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. చివరకు నావో కూడా ఊరుకున్నాడు.

"మరకలన్నీ ఆకుల మీదే ఉన్నాయి బావగారూ," అంది సువా చిన్నగా. "గడ్డి కాడలకి ఒక్కటీ లేదు."

"పొద్దున చూశావా?"

"చూశాను."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"మీరు ముందున్నారు."

తోంగ్‌పావ్ ముందుకు వంగాడు. బూట్ల తాళ్ళు విప్పాడు. ఒకటి. రెండోది. రెండూ వ్యానులో పడేసి, సీటు కింద నుంచి ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు లాగి, మేజోళ్ళ మీదే వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"అందరూ వ్యాన్లు ఎక్కండి," అన్నాడు. "తలుపులు వేసుకోండి. కాలు కింద పెట్టినవాడికి మాంసం లేదు."

తలుపులు టపటపా మూసుకున్నాయి.

"సువా. నువ్వూ, ఆవిడా నడవండి. నేను వెనక వస్తాను."

*

ఈసారి డార్లా పడక దగ్గరే కుక్కను చాలాసేపు నిలబెట్టింది. "తొందర లేదు బంగారం. మనుషుల్ని మర్చిపో." బటన్ పల్లం వైపు రెండుసార్లు ముక్కు చాచి, తల విదిలించింది. చివరకు ఎగువకు తిరిగింది. తాడు బిగిసింది.

కొంత దూరం ఏమీ లేదు. అప్పుడు కనిపించింది, తుప్ప కొమ్మకు, ఆమె నడుము ఎత్తున, వేలెడు మరక. ఆ తర్వాత గడ్డి కాడ మీద ఇంకోటి. ఆకు మీద కాదు. కాడ మీద.

"ఇదే," అంది. వెనక్కి తిరిగి మళ్ళీ అంది. "బావగారూ, ఇదే!"

చెప్పుల్లో జారుతూ వస్తున్న తోంగ్‌పావ్ ఆ మరక దగ్గర ఆగి, తొక్కకుండా చుట్టు తిరిగి వచ్చాడు.

ఎగువ చివర ముళ్ళతీగ ఉంది. తీగ మీద అడుగడుక్కీ లోపలికి రాకూడదన్న పలకలు. కింది వరుస ముల్లుకు తెల్లటి వెంట్రుకల కుచ్చు, తడిగా. అవతల కోసేసిన మొక్కజొన్న చేను, దాని చివర జమ్ముతో నిండిన కుంట, కుడివైపు దూరంగా ఒక ఇల్లు. సూర్యుడు ఆ ఇంటి కప్పు మీదికి దిగుతున్నాడు.

బటన్ తీగ కిందికి దూరబోయింది. డార్లా లాగి పట్టుకుంది. "అనుమతి లేకుండా దాటలేం. మీకెవరైనా తెలుసా ఈ ఇంట్లో?"

తోంగ్‌పావ్ ముఖం మారిపోయింది. "ఇంక చాలు. వెనక్కి పదండి."

"బావగారూ..."

"ఈ తీగ దగ్గరే ఒకసారి తుపాకీ నా వైపు తిరిగింది. నీకు తెలీదు. మీ ఆయనకీ చెప్పలేదు. జింక పోతే పోనీ. నువ్వు పిల్లల తల్లివి."

ఆయన గొంతులో అంత వణుకు సువా ఎప్పుడూ వినలేదు. ఇంటి వైపు చూసింది. కుంట వైపు చూసింది.

"అది ఇంకా బతికే ఉండొచ్చు," అంది. "నేనే కొట్టాను దాన్ని. వెళ్ళి అడుగుతాను."

విల్లు ట్రక్కులో ఉన్న ఫెంగ్‌కు ఇచ్చి, రోడ్డు మీదుగా ఆ ఇంటి దారి పట్టింది. రెండు చేతులూ కోటు జేబుల బయటే ఉంచి నడిచింది. కాసేపటికి వెనక చెప్పుల టపటప వినిపించింది. ఆమె ఆగలేదు. ఆ చప్పుడు కూడా ఆగలేదు.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. బనీను మీద జీన్సు కోటు, చేతిలో దూరాన్ని చూసే అద్దాలు, డెబ్భై దాటిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ చూస్తున్నాను," అన్నాడు. "అన్ని బళ్ళేమిటి? పెళ్ళా, చావా?"

"జింకండీ. బాణంతో కొట్టాను. మీ చేలోకి వచ్చింది. వెతుక్కుంటామని అడగడానికి వచ్చాను."

"ఒక్క జింకకి ఇంతమందా?"

"మావాళ్ళు... సాయానికి వచ్చారు."

ఆయన చూపు తోంగ్‌పావ్ కాళ్ళ మీద పడింది. "ఈయన బూట్లేవి?"

సువా ఏం చెప్పాలో తెలియక జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పడక, మరకలు, వాగు, కుక్క. ముసలాయన వింటూ వింటూ గడప పట్టుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు తోంగ్‌పావ్ తమ భాషలో.

"మీ బూట్ల గురించే."

"సరే," అన్నాడు ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ. "నేను ఓర్విల్ డ్రేగర్‌ని. కుక్కా, కుక్క మనిషీ, నువ్వూ, ఈ చెప్పుల పెద్దాయనా. అంతే. మిగతా పెళ్ళివాళ్ళు రోడ్డు మీదే." తోంగ్‌పావ్ వైపు తిరిగాడు. "మిమ్మల్ని ఇదివరకు చూశానా?"

తోంగ్‌పావ్ ఇంగ్లీషు మాటలు బల్ల మీద గోళీల్లా ఒక్కొక్కటే దొర్లాయి. "ఆ తీగ దగ్గర. మీ చేతిలో తుపాకీ."

నవ్వు పోయింది. ఓర్విల్ చేతిలోని అద్దాలు కిందికి దించాడు.

"నేనే," అన్నాడు. "ఆ రోజు మీరు అడక్కుండా లోపలికి వస్తున్నారు."

"అడగడానికే వస్తున్నాను. ఇంటికి. ఇక్కడికి."

ఓర్విల్ గడప వైపు, తర్వాత ఆ మేజోళ్ళ వైపు చూశాడు.

"అలాగా," అన్నాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పదండి. గేటు నేను తీస్తాను."

*

మొక్కజొన్న మోళ్ళ మధ్య బటన్ గీత గీసినట్టు నడిచింది. కుంట ఒడ్డున జమ్ము మొదలయ్యే చోట ఒళ్ళు బిగబట్టి నిలిచిపోయింది. మొరగలేదు.

జమ్ములో రెండు చెవులు. కొమ్ములు. తల ఎత్తే ఉంది.

డార్లా కుక్కను చంకన పెట్టుకుని మూతి మూసింది. పెదవులతో మాత్రమే అంది: నీదే.

ఫెంగ్ తీగ దాకా తెచ్చి, పైనుంచి అందించిన విల్లు సువా చేతిలో ఉంది. గాలి ముఖం మీదికే కొడుతోంది. మోకాళ్ళ మీద దిగింది. మోళ్ళు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. జింక ఆమె వైపు చూడటం లేదు, కుంట వైపు చూస్తోంది. ఊపిరి ఎగపోస్తోంది. ముక్కు దగ్గర ఆవిరి చిన్నచిన్న ముక్కలుగా లేస్తోంది.

దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. జమ్ము సందు దొరికింది. బాణం సంధించి తాడు లాగింది. భుజం వెనక మడత ఒక్కటే కనిపిస్తోంది. ఆ మడత తప్ప లోకంలో ఏమీ లేదు.

వదిలింది.

డోలు మీద దెబ్బలా గట్టి చప్పుడు. జింక ముందుకాళ్ళ మీద లేవబోయింది. లేవలేదు. తల మెల్లగా, నిద్రపోయే బిడ్డలా, జమ్ములోకి ఒరిగింది. ఆవిరి ఆగింది.

సువా అక్కడే కూలబడింది. ఏడుపు వచ్చింది. అది దుఃఖం కాదు. నిన్నటి నుంచి ఛాతీ మీద కూచున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఇక అది ఎక్కడా లేవదు. ఏ పొదలోనూ ఒంటరిగా తిరగదు. అయిపోయింది.

తోంగ్‌పావ్ వచ్చి పక్కన గొంతుకు కూచున్నాడు. చెప్పులు బురదలో ఎక్కడో పోయాయి, మేజోళ్ళు నీళ్ళోడుతున్నాయి. జింక మీద చెయ్యి వెయ్యలేదు.

"ముందు నువ్వు," అన్నాడు.

ఆమె చెయ్యి దాని మెడ మీద పెట్టింది. వెచ్చగా ఉంది. అప్పుడు ఆయనా పెట్టాడు.

"నిన్న భోజనాల దగ్గర ఏదో మాట అన్నావు," అన్నాడు. "గిన్నెల చప్పుడు. నాకు సరిగా వినపడలేదు."

తీగ అవతల నుంచి ఫెంగ్ చేతులెత్తి ఊపుతున్నాడు. రోడ్డు మీద ఒక వ్యాన్ హారన్ మోగింది. ఆ వెనకే అన్నీ మోగాయి. వ్యాన్లలోంచి ఎవరూ కాలు కింద పెట్టలేదు.

"నిజంగా పెళ్ళే," అన్నాడు ఓర్విల్, కొమ్ములు ఒక చేత్తో పట్టుకుంటూ. "లాగండి, చీకటి పడుతోంది."

*

ఆదివారం తోంగ్‌పావ్ గరాజులో కోత. పొట్ట చిల్లుపడిన జింకను కొయ్యడం ఓర్పు పని. పేగుల రసం తగిలిన లోపలి కండలు తీసి పారెయ్యాలి. మిగతాది మళ్ళీ మళ్ళీ కడగాలి. కత్తి మార్చాలి, నీళ్ళు మార్చాలి. వెనక తొడలూ వీపు కండలూ చక్కగా ఎర్రగా నిలిచాయి. అందరికీ వాటాలు పడ్డాయి. వ్యాన్లోంచి దిగనివాళ్ళకు కాస్త ఎక్కువే. డార్లాకు ఒక మూట, బటన్‌కు ఎముక. ఓర్విల్ వాటా తానే తీసుకెళ్తానని తోంగ్‌పావ్ మధ్యాహ్నమే బయల్దేరాడు, కడిగిన బూట్లు వేసుకుని. వెంట ఎవర్నీ రానివ్వలేదు. వచ్చేటప్పుడు చేతిలో సంచి నిండా ఆపిల్స్ ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారని ఎవరడిగినా "ఆపిల్స్ తినండి" అన్నాడు.

సాయంత్రం, సన్నగా తరిగిన మాంసంలో పుదీనా, వేయించి దంచిన బియ్యం, మిరపకాయలు కలిపిన పళ్ళెం బల్ల మీదికి వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టేలోగా తోంగ్‌పావ్ ఫోను మోగింది.

విన్నాడు. ముఖం వెలిగింది. "నావో, మీ తమ్ముడే! జింకను బాణంతో కొట్టాడట! పోర్టేజ్ ఊరి దగ్గర, చీకటి పడే ముందు. జాడ తెలీడం లేదట!"

కుర్చీలు వెనక్కి జరిగాయి. నావో కోటు అందుకున్నాడు. మేనల్లుళ్ళు తాళాలు వెతుక్కున్నారు. తోంగ్‌పావ్ భార్య అన్నం బుట్టలోకి సర్దడం మొదలుపెట్టింది.

తోంగ్‌పావ్ కూడా లేచాడు. లేచి, సువా వైపు చూశాడు.

"కూచోండి," అన్నాడు. ఎవరూ కూచోలేదు. "కూచోమన్నానా!"

కూచున్నారు. ఆయన బల్ల మీదుగా ఫోను అందించాడు. "మా మరదలు మాట్లాడుతుంది, విను," అన్నాడు అందులోకి.

సువా చేతులు తుడుచుకుని అందుకుంది. "తగిలాక పరుగెత్తిందా, నడిచిందా?"

"నడిచిందక్కా. వీపు వంచి. వెంటపడనా?"

"పడకు. బాణం తీసుకుని నెమ్మదిగా వెనక్కి వచ్చెయ్. పొద్దున నేనొస్తాను." ఆగింది. అసలు ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. "మనవాళ్ళకి ఇంకెవరికైనా ఫోన్ చేశావా?"

"లేదక్కా. మొదట బావకే."

బల్ల చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఆమెనే చూస్తున్నాయి. సువా ఊపిరి వదిలింది.

"మంచిపని చేశావు," అంది. "ఇంక ఎవరికీ చెయ్యకు."